వరండాలో ప్రార్థన

జూన్ 4
తెనాలి బాబాయి లాప్‌టాప్ ఇచ్చాడు. రేపల్లె దాకా రైల్లో ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ఇంట్లోంచే రాసే ఈ ఆన్‌లైన్ పరీక్ష నెగ్గితే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. లేదంటే హైదరాబాదు పోవాలి. పక్షవాతం వచ్చిన నాన్నను అమ్మ ఒక్కతే ఎలా లేపి కూర్చోబెడుతుంది?

జూన్ 6
సూచనలు చదివాను. ముందు లాప్‌టాప్ తిప్పి కెమెరాకు గదంతా చూపించాలి, బల్ల కింద కూడా. ఇంకొకరు ఉండకూడదు. పక్కకు చూడకూడదు. పెదాలు కదపకూడదు — ప్రశ్నను గొణుక్కుంటూ చదవడం నాకు చిన్నప్పటి రోగం. వేరే గొంతు వినపడితే నమోదవుతుందట.
మాకున్నది ఒకటే గది. అందులోనే నాన్న మంచం.

జూన్ 7
బాపట్ల పిన్ని ఫోను. "ఒక్కపూటేగా, నాన్నను మా ఇంటికి తీసుకొచ్చెయ్యవే." అంత దూరం ఆయన కూర్చోలేడు. వరండాలో మంచం వేస్తాం. అమ్మకు అన్నీ రెండుసార్లు చెప్పాను. పరీక్ష తనదే అన్నట్టు బుద్ధిగా తలూపింది.

జూన్ 8
రేపే. ఏ పరీక్షకైనా నాన్న నా నెత్తిన చెయ్యి పెట్టి, వీధికి వినపడేలా ప్రార్థన చేశాకే గడప దాటనిచ్చేవాడు. ఇప్పుడు ఆరు నెలలుగా ఒక్క మాట లేదు... దిగులుగా ఉంది.

జూన్ 9
రాశాను.
సగంలో ఉండగా వరండాలోంచి — "ప్రభువా... నా బిడ్డ..." ముద్దముద్దగా. నాన్న గొంతు. వెంటనే తెర మీద హెచ్చరిక: మరొకరి గొంతు వినిపిస్తోంది. తల తిప్పలేదు. తిప్పకూడదు కదా. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది.
అయ్యాక పరుగెత్తాను. అమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఏడుస్తోంది.
"నీ పరీక్ష పోద్దని నోరు మూసేశానే. ఈ చేత్తోనే."

జూన్ 10
మాట రావడం మంచిదే, మాట్లాడిస్తూ ఉండండి అన్నారు డాక్టరు గారు. పిలుస్తున్నాం. పలకడం లేదు.

జూన్ 12
ఫలితం ఆపారు. ఆ గొంతు ఎవరిదో, ఏం చెప్పిందో రాసి పంపమన్నారు. మా నాన్నదని రాశాను. ఏం చెప్పాడో... "నా బిడ్డ" తర్వాత ఏముందో నాకూ తెలియదు.

జూన్ 15
జవాబు రాలేదు. చర్చి నుంచి రాగానే నాన్న పక్కన కూర్చున్నాను. "ఇప్పుడు కెమెరా లేదు నాన్నా. మొన్నటి ప్రార్థన పూర్తి చెయ్యి" అన్నాను. నావైపు చూశాడు. పెదాలు కదిలాయి. అంతలో, కాస్త బాగున్న ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేపి, తన నోరు తనే మూసుకున్నాడు.