అమ్మవారు కాదు

ఫిబ్రవరి 11
మా బాబు చింటూకి ఫీవర్. ఎల్‌కేజీ నుంచి వచ్చి బూట్లతోనే పడుకున్నాడు. సిరప్ పోస్తే కక్కేశాడు. మా ఆయనకి పోర్టులో డబుల్ షిఫ్టు.

ఫిబ్రవరి 12, ఉదయం
కాళ్ల మీద ఎర్రటి చుక్కలు. మా అత్తగారు మంగాయమ్మ చూడగానే చెంపలేసుకున్నారు. అమ్మోరు పూసిందట, మందులెయ్యకూడదట, ఆస్పత్రి పేరెత్తితే తల్లికి కోపమొస్తాదట. గుమ్మానికి వేపమండలు కట్టేశారు. పోపు పెట్టొద్దు, తల దువ్వొద్దు. బాగుంది వరస! ఆయనకి ఫోన్ చేస్తే, అమ్మ చెప్పినట్టు చెయ్యమన్నారు.

అమ్మవారైతే పొక్కులు లేవాలి కదా? ఇవి చర్మం కిందే ఉన్నాయి. భయంగా ఉంది.

మధ్యాహ్నం
చుక్కలు ఊదారంగుకి తిరిగాయి. వేలితో నొక్కినా పోవడం లేదు. కర్టెన్ తీస్తే వెలుగు చూడలేక ఏడుస్తున్నాడు. గడ్డం కిందికి వంచబోతే కెవ్వుమన్నాడు. మెడ కర్రలా బిగుసుకుపోయింది.

అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. గడప దాటాక పిల్లడికేటైనా అయితే నీదే పూచీ అన్నారు. నాదే అన్నాను. చింటూని ఎత్తుకుని, ఆవిడని పక్కకి తోసి ఆస్పత్రికి ఆటో ఎక్కాను. మధురవాడ దాటేదాకా ప్రతి సిగ్నలూ రెడ్డే.

ఫిబ్రవరి 13
మెనింజైటిస్. మెదడు పొరలకి ఇన్ఫెక్షన్, రక్తంలోకీ పాకిందట. వెన్నులోంచి నీరు తీశారు. ఇంకో పూట ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరమ్మ కసిరింది. అంటుకునే జబ్బని ఇంట్లో అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చింది.

సర్కారు టీకాలన్నీ వేయించాం కదా అని అడిగాను. అవి ఈ జబ్బు తెచ్చే వేరే క్రిములని ఆపుతాయట. ఈ రకానికి విడిగా టీకా ఉందట, అడిగి వేయించుకోవాలట. చింటూ చెల్లెలు, మా చంటిపాపకి తొమ్మిది నెలలు నిండాయి కాబట్టి వెంటనే వేయించమంది. నాకు ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 14
ఐసీయూలో చింటూ ఇంకా కళ్లు తెరవలేదు.

ఫిబ్రవరి 17
తెరిచాడు! నన్ను చూసి చెయ్యి చాపాడు. అత్తగారు ఐసీయూ బయట నేల మీద కూలబడ్డారు. నానేటి సేసీసినానమ్మా, నా సేతుల్తోనే పిల్లడ్ని సంపీబోనాను అని తల బాదుకున్నారు. నాలుగు మాటలు అందామనుకున్నాను. రెక్క పట్టుకుని లేపి బెంచీ మీద కూర్చోబెట్టాను.

మార్చి 2
ఇంటికొచ్చాం. చెవుల టెస్ట్ రాశారు. ఈ జబ్బు తగ్గినా వినికిడి పోవచ్చట. పిలిస్తే పలకడం లేదు. నీరసమే అంటున్నారు మా ఆయన.

తల్లీ, నీరసమే అయ్యుండాలి.

మార్చి 4
పాపకి టీకా మొదటి డోసు. అత్తగారే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సూది దిగగానే పాప క్లినిక్ దద్దరిల్లేలా ఏడ్చింది.

పక్కనే బొమ్మ కారు తోసుకుంటున్న చింటూ తల తిప్పలేదు.