గొడుగు మీద కొత్తల్లుడు

మార్చి 3, సోమవారం

సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, ఈ వ్యానులో పక్క సీటు కింద దాచిన క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్టు డ్రైవరుగారి స్వార్జితం. దానిని తాకినవారు, వాసన చూసినవారు, తాకలేదని బుకాయించినవారు కూడా శిక్షార్హులు. ఇట్లు, డ్రైవరు.

ఇది అట్టముక్క మీద రాసి వ్యానులో తగిలించాను. మా తోడల్లుడు చదివి, కింద ‘చూశాను, తిన్నాను, మెత్తబడ్డాయి’ అని రాసి సంతకం పెట్టాడు.

వాడు మా మరదలి మొగుడు. వాడి పెళ్లయిన దగ్గర్నుంచీ ఇద్దరిదీ ఒకే బండి. నేను తోలుతాను, వాడు పార్సిళ్లు పట్టుకుని మెట్లెక్కుతాడు. వాడి నవ్వు ముక్కులోంచి వస్తుంది, వాషరు పోయిన కుక్కర్‌లా. ఆ కూత వినడానికే రోజూ ఏదో ఒక కోతిపని చేస్తాను. ఏడో క్లాసు తప్పిన నాకు అంతకంటే డిగ్రీ ఏం కావాలి?

మార్చి 5, బుధవారం

వ్యాను టాప్ మీద డ్రోన్ బిగించారు. చిన్న పార్సిల్ పట్టుకుని ఎగురుతుంది, బాల్కనీలో దించుతుంది, తిరిగొచ్చి టాప్ మీద కూర్చుంటుంది. టాప్ మీద నలుపూ తెలుపూ గళ్ల స్టిక్కర్ ఉంది. ఆ గుర్తు చూసుకునే దిగుతుందట.

నెత్తినెక్కి కూర్చోవడం, చిటికెడు పని చేసి అందరిచేతా ఆహా అనిపించుకోవడం, వేళ తప్పకుండా మేపించుకోవడం. అందుకని దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టాను. తోడల్లుడు కూత పెట్టాడు.

సూపర్‌వైజర్ నవ్వలేదు. నెలాఖరు దాకా ట్రయల్ అన్నాడు. ఇది నెగ్గితే బండికి ఒక్క మనిషి చాలట. తోలేవాడు ఉంటాడు, మెట్లెక్కేవాడు ఇంటికి వెళ్తాడు.

మార్చి 11, మంగళవారం

కొత్తల్లుడు ఓడిపోతున్నాడు!

అది వెళ్లి వచ్చేదాకా బండి ఉన్నచోటే ఉండాలి. బండి అంగుళం కదిలినా దిగొద్దని ప్రోగ్రాంలో పెట్టారట, పైనే గింగిరాలు కొడుతుంది. మా సందుల్లో బండి నిలబెడితే వెనకవాళ్లు ఊరుకుంటారా? నా తాతముత్తాతలను పేరుపేరునా తలుచుకున్నారు. ఈలోగా తోడల్లుడు నాలుగిళ్లు చుట్టొచ్చి, సీట్లో నోరు తెరుచుకుని కునుకు తీశాడు.

మరదలు మా ఆవిడకి ఫోన్ చేసిందట. ఈయన ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా, బావగారిని కనుక్కో అక్కా అందట. ఉన్నట్టే అని చెప్పమన్నాను మా ఆవిడతో. గట్టిగానే చెప్పమన్నాను.

మార్చి 14, శుక్రవారం

కొత్తల్లుడి పరువు పూర్తిగా తీసేద్దామనుకున్నాను. డ్రోన్ పని చూడ్డానికి ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని సందు మొగలో కూర్చుంది. ఆమె ముందే తీయాలి.

డ్రోన్ వచ్చిన డబ్బాలో గళ్ల స్టిక్కర్ ఇంకోటి ఉంది, స్పేర్. దాన్ని తోడల్లుడి గొడుగు పైన అంటించాను. వాడికి చెప్పలేదు. చెబితే ఏం మజా?

ఎండకి గొడుగు విప్పాడు. అంతే, వ్యాను వైపు వస్తున్న కొత్తల్లుడు గాల్లో ఒక్క క్షణం ఆగి వాడి వైపు తిరిగాడు. వీడు కుడికి తిరిగితే అదీ కుడికి. వీడు పరుగు తీస్తే అదీ పరుగే. అన్నయ్యా, దీనికి నా మీద మనసైందేంటి అని అరుస్తూ సందంతా పరిగెత్తాడు. జనం బాల్కనీల్లోకి వచ్చి పడీపడీ నవ్వారు. నేను స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చినంత పని చేశాను.

చివరికి, బండి ఆగే ఉంది కాబట్టి కాబోలు, వాడు పరిగెత్తుతుండగానే గొడుగు మీద వాలింది. గుడ్ల మీద కోడి కూర్చున్నంత నెమ్మదిగా.

ఇంజనీరమ్మాయి తిట్టలేదు. ఇంకోసారి పరిగెత్తమంది. ఈసారి ఇంకా స్పీడుగా అంది. కదిలేదాని మీద దిగుతుందా దిగదా అని ఆఫీసులో ఎప్పట్నుంచో తగువట, టెస్టుకి పర్మిషనే రావడం లేదట. థాంక్యూ అంకుల్ అంది నాతో.

తోడల్లుడు మళ్లీ పరిగెత్తాడు. కూత పెడుతూనే పరిగెత్తాడు.

మార్చి 17, సోమవారం

ఇక బండి ఆగక్కర్లేదు. ప్రోగ్రాం మార్చారు. నేను మెల్లగా తోలుతూ ఉంటే చాలు, అదే పోతుంది, అదే వచ్చి నెత్తినెక్కుతుంది. హారన్లు లేవు. తాతముత్తాతలకి విశ్రాంతి.

తోడల్లుడు పక్క సీట్లో కూర్చున్నాడు. దిగే పని పడలేదు. బిస్కెట్లు ఇచ్చాను. ఆకలి లేదన్నాడు.

మార్చి 20, గురువారం

ఈ రోజు కూడా ఎక్కడా ఆగలేదు.

మార్చి 24, సోమవారం

సూపర్‌వైజర్‌కి నిజం చెప్పాను. అది టెస్టు కాదు సార్, నేను చేసిన వెధవపని అన్నాను. అయితే ఏంటి, పనిచేసింది కదా అన్నాడు. అన్నాక సంతకాలు పెట్టుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికొస్తే మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. గొడుగు సంగతి మీరు చేసిందేనా అని అడిగింది. అవునన్నాను. చెల్లెలు ఫోన్ ఎత్తడం లేదు అంది. మడతపెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మడతపెట్టింది.

మార్చి 28, శుక్రవారం

తోడల్లుడి ఆఖరి రోజు.

గాజు సామాను పెట్టెలకి వేసే ‘పగులును, జాగ్రత్త’ స్టిక్కర్ వాడి వీపుకి అంటించాను. గేటు దాకా అలాగే నడిచాడు. వాచ్‌మన్ చెబితే చెయ్యి వెనక్కి పెట్టి పీక్కున్నాడు. చదివాడు. ముక్కులోంచి ఆ కుక్కర్ కూత పెట్టాడు. నువ్వు మారవన్నయ్యా అన్నాడు.

నాకు కాస్త ఫర్వాలేదనిపించింది.

మార్చి 31, సోమవారం

పక్క సీటు విప్పేశారు. అక్కడ బ్యాటరీల ర్యాకు పెట్టారు. సీటు కింద బిస్కెట్ పొడి ఉంటే మెకానిక్ చీపురుతో ఊడ్చాడు.

ఏప్రిల్ 1, మంగళవారం

ఎవర్నీ ఫూల్ చేయలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఒక సవరణ.

28వ తేదీన స్టిక్కర్ అంటించిన మాట నిజం. గేటు దాకా నడిచాడు. పీక్కున్నాడు. చదివాడు.

నవ్వలేదు. అన్నయ్యా అని కూడా అనలేదు. స్టిక్కర్ మడిచి వాచ్‌మన్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ కూత నేను పెట్టింది.