పెట్టె అడుగున గొడుగావిడ

సోమవారం, రాత్రి

ఇవాళ మేనత్తా నేనూ నానమ్మ పట్టుచీరలు నీడన ఆరేసి మడతలు మార్చాం. ఒకే మడత మీద ఉంటే జరీ విరిగిపోతుంది. పెట్టె అడుగున పరిచిన పాత పత్రిక కాగితాన్ని ఈసారి తీరిగ్గా చూశాను. అందులో పట్నం షోకుల మీద వేళాకోళపు బొమ్మ ఉంది. పొడుగు చేతుల రవికతో, జోళ్లతో, గొడుగుతో ఒక షావుకారు భార్య ఠీవిగా నడుస్తోంది. వెనకాల మొగుడు వట్టికాళ్లతో ఆమె సంచీ మోస్తున్నాడు. కింద అంతా వెటకారమే.

నానమ్మ అచ్చం అలాగే ఉండేది. బరంపురం బజారులో ఆమె జోళ్ల టకటక వినబడితే పిల్లలం మేం మా కొట్టులో అల్లరి మానేవాళ్లం. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో!

"పాపం నానమ్మ, చదువు రాక దీన్ని బట్టల ప్రకటన అనుకుందేమో అత్తా" అన్నాను.

అత్త చీర మడతపెట్టడం ఆపింది. "అమ్మకి సదువు రాదని నీకెవలు సెప్పార్రా? ఆ యెటకారమంతా మాకు సదివి తెగ నవ్వీది. నవ్వి, ఆ కాగితమే అట్టుకుని దర్జీ దగ్గరికి ఎల్లింది."

రేపటి నుంచి మా అమ్మాయి కొట్టులో కూర్చుంటుంది, జీన్స్‌తోనే. బజారు ఏమంటుందోనని నాకు బెంగ. రేపొక్కరోజు చుడీదార్ వేసుకోమని చెబుదామనుకున్నాను. భోజనాల దగ్గర నోరు రాలేదు.

ఇందాకే దాని బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను.