సారు కొట్టేసిన వరద గీతలు

శుక్రవారం.

విపత్తుల మీద రాసిన నా డిగ్రీ ప్రాజెక్టులో వరద గీతలున్న పేజీని సారు చదవకుండానే ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. ఆళ్లగడ్డలో రాయి చెక్కే పని ఒక పూట మానుకుని, నంద్యాల స్టడీ సెంటరుకు బస్సులో నిలబడి పోయింది ఇందుకా?

మా వీధిలోకి వాగు వచ్చిన ప్రతిసారీ, నాకు పని నేర్పిన మస్తానన్న తన ఇంటి రాతిస్తంభం మీద నీళ్లు నిలిచిన ఎత్తున ఉలితో గీత కొడతాడు. బియ్యం మూటలు ఎంతెత్తున పెట్టాలో వీధంతా ఆ గీతల్ని చూసే తేల్చుకుంటుంది. అవన్నీ కొలిచి మ్యాపు గీశాను.

"వీటికి ఆఫీసరు సంతకం యాడుందప్పా?" అన్నాడు సారు.

"నీళ్లొచ్చినప్పుడు ఆఫీసరు యాడుండాడో మాకూ తెలీదు సార్."

ఆయన నవ్వలేదు. సముద్ర తుపాను మీద ఎవరిదో పాత ప్రాజెక్టు చేతిలో పెట్టి, "అందరూ ఇదే రాస్తాండారు. పేరు మార్చి తే" అన్నాడు. నంద్యాలలో కూర్చుని సముద్రం గురించి రాయాలంట. రాయకుంటే నా ఏడాది పోతుంది.

మస్తానన్నకు చెబితే, "రాసిచ్చి పాసైపో రా. నా గీతలు యాడికీ పోవులే" అన్నాడు.

గీతలు పోవు, నిజమే. కానీ మా వీధిలోనే, పై గీతకు రెండడుగుల కిందే గచ్చు వచ్చేలా అంగన్‌వాడీకి పునాది తీస్తున్నారు. ఆ పేజీ రాసిందే అందుకు.

రేపు సారుకు కాగితం పంపుతున్నాను. ఆయన మా వీధికి వచ్చి ఆ స్తంభం పక్కన నిలబడాలని రాశాను. పై గీత ఆయన ఛాతీ దాకా వస్తుంది. అప్పుడూ తప్పంటే పేజీ నేనే చింపేస్తాను. ప్రాజెక్టు ఇచ్చే గడువు గురువారం కాబట్టి, బుధవారం సాయంత్రంలోగా జవాబు కావాలని కూడా రాశాను.