ఖాలా ఇచ్చిన నూనె

అక్టోబరు 5, అల్ ఖువైర్

నా కాన్పుకి గల్ఫ్ రావడానికి అమ్మకి వీసా వచ్చింది గానీ మోకాళ్ళు రానివ్వలేదు. నేను నర్సునే, అయినా సొంత బిడ్డ ఏడిస్తే ఏం చేయాలో తోచట్లేదు.

కింది ఫ్లాట్ ఉమ్ హాతిమ్ ఖాలా, అంటే మన పిన్ని లాగా, చూడటానికొచ్చింది. పాలస్తీనా ఆవిడ. వాటర్ బాటిల్‌లో ఆలివ్ నూనె తెచ్చింది, వాళ్ళ ఊరు ఐన్ సర్వాదట. థాంక్స్ చెప్పి బాత్‌రూమ్‌లో పెట్టాను.

అక్టోబరు 9

సారాకి ఆ నూనె ఒళ్ళంతా పట్టించి, సున్నిపిండితో నలిచి స్నానం చేయించాను. మా చీరాలలో ఆలివ్ నూనె మందుల షాపులోనే దొరికేది, పసిపిల్లల కోసం. బంగారుతల్లి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. దేవుడికి స్తోత్రం. ఖాలాకి కూడా.

అక్టోబరు 13

లిఫ్ట్‌లో ఖాలా కొడుకు హాతిమ్ కనిపించి నూనె రుచి ఎలా ఉందని అడిగాడు. రుచా!

అతనే చెప్పాడు, ఐన్ సర్వా కొండ చుట్టూ మెట్లు మెట్లుగా పొలాలట. ముత్తాతలు రాళ్ళు పేర్చి కట్టినవి. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఇంటి కప్పులు అన్నీ ఆ ఆలివ్ చెట్ల మీదే. ఆడపిల్ల పుడితే ఒక చెట్టు ఆ పిల్ల పేరున. అరవై ఏడు యుద్ధం తర్వాత చెట్లు కొంచెం కొంచెంగా ఆక్రమించిన సైన్యం వేసిన కంచె అవతలికి పోయాయి. ఖాలా చెట్టూ అవతలే. కాయలు కోసుకోవాలంటే ఆ సైన్యమే గేటు తెరవాలి. నిరుడు రెండ్రోజులే తెరిచారు. ఇక్కడికొచ్చింది ఒక్క డబ్బా. అడుగున మిగిలిందంతా నాకు పోసేసి ఖాలా ఉత్త రొట్టె తింటోందట.

నేనేమో డ్రైన్‌లోకి పంపాను. ఛీ.

అక్టోబరు 14

మా ఆయన ఫెలిక్స్ మాల్‌లో ఖరీదైన బాటిల్ కొనిచ్చేద్దాం అన్నాడు. మగాడి బుర్ర. మిగిలిన నూనె, పాపని తీసుకుని కిందికి దిగాను. హాస్పిటల్‌లో నేర్చుకున్న అరబిక్‌లో నిజం చెప్పేశాను. ఏడుపాగలేదు.

ఖాలా సారా పాదం వాసన చూసింది. మళ్ళీ చూసింది. మా ఊళ్ళోనూ బిడ్డకి మొదట పట్టించేది ఇదేనే పిచ్చిపిల్లా, మేమైతే ఇంత ఉప్పు కూడా కలుపుతాం, నువ్వు అదే మర్చిపోయావు, అంది. అచ్చం అమ్మలా నేల మీద కాళ్ళు చాపుకుని, సారాని వాటి మీద పడుకోబెట్టి, ఆ మిగిలిన నూనె కూడా రాసేసింది. మరి నీ రొట్టెకో అంటే, గేటు తెరిస్తే తమ్ముడు పంపుతాడంది.

అమ్మ రాలేదన్న బెంగ ఇవాళ తీరింది.

అక్టోబరు 27

గేటు తెరవలేదు. కుటుంబ ప్రార్థనలో ఆ గేటునీ చేర్చాం.

నవంబరు 8

పాపతో నేను కింద ఉండగా ఖాలా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. కాయలు చెట్ల మీదే ఎండిపోతున్నాయట. నూనె లేదక్కా అని, పాపని చూపించమన్నాడు. తర్వాత ఫోన్ కంచె వైపు తిప్పాడు. అదిగో అక్క చెట్టు, దాని పక్కది మీ పాపది అన్నాడు.

నవంబరు 9

పొద్దున్నే ఖాలా, నేను ఉత్త రొట్టె తుంచుకు తిన్నాం. మా సారాకి ఐన్ సర్వాలో చెట్టుంది.