ఓడ బొమ్మలో పొయ్యి

బిడ్డా,

గోదారి మళ్ల ఊళ్లకొచ్చింది. కింద ఇంట్ల మోకాళ్ల లోతు నీళ్లున్నయి. నేను, మీ నాయన మిద్దె మీద నీ అర్రల కూసున్నం. బూర్గంపాడు నుంచి పడవ రేపొస్తదంటున్నరు. నిన్న గూడ గట్లనే అన్నరు.

నీ రాకెట్ సినిమాల పుస్తకాలు తడవలే. జ్వరంతోటి నువ్వు పోయిన కాడి నుంచి మీ నాయన ఈ అర్రల అడుగు పెట్టలే. ఇప్పుడు పోదామంటే ఇంకో జాగ లేదు. పొద్దంతా గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడు. మాపటికి ఇగ ఉండలేక పెద్ద పుస్తకం ఒళ్లెకు తీసుకున్నడు. ఆకాశంల తిరిగే ఓడను నిలువునా కోసి లోపలి అర్రలన్నీ చూపిస్తరు సూడు, అది.

శానాసేపు చూసి, "ఇంజన్లున్నయి, తుపాకులున్నయి, మంచాలున్నయి. వంటిల్లు ఏదే? ఏం తిని బతుకుతరు వీళ్లు?" అన్నడు.

నేను గూడ నిన్ను గదే అడిగిన గద. "సినిమా తీసినోళ్లకు ఆకలి కాదేమోనే అమ్మా" అని నవ్వి, ఖాళీ మూలకు పెన్సిల్‌తోటి పొయ్యి గీసినవ్. పొయ్యి కాడ నన్ను గీసినవ్. లావుగ గీసినవని తిట్టిన.

ఆ మూల చూపిచ్చిన. మీ నాయన కండ్లద్దాలు తుడుసుకొని వంగి చూసిండు.

"నువ్వేనా ఇది?"

"అవ్."

"మరి నేనేడున్న?"

ఓడంతా వేలు పెట్టి వెతుకుతనే ఉన్నడు బిడ్డా. నువ్వు గీయలేదని చెప్పలేక, నేను ఇటు తిరిగి నీకు రాస్తున్న.