నాలుగో గ్రీన్ మీద అడుగులు

డండీ,
ఫిబ్రవరి 19

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ నేను, పిల్లి, మా గోల్ఫ్ మైదానంలోని తొమ్మిది గ్రీన్లలో ఎనిమిది క్షేమం. అక్కడ నువ్వు, నీ మోకాళ్లు, గొర్రెలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన బ్లాక్ పుడ్డింగ్, ఆ నెత్తురు సాసేజ్, చెడకుండా చేరింది. స్వెటర్ చేతులు మాత్రం పొడుగు. నాకింకా ఎదిగే వయసే అనుకున్నావేమో! పని చేయకూడని దేవుడి రోజు, ఆదివారాలు కూడా గడ్డి కోస్తున్నావా అని అడిగావు. చలికాలంలో గడ్డి పెరగదమ్మా, కాబట్టి ఏప్రిల్ దాకా నీకు ఆ బెంగ అక్కర్లేదు.

వాటీ గారి సంగతీ అడిగావు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఆడపిల్ల గడ్డి కోసే యంత్రం నడుపుతుందా అని గోల్ఫ్ క్లబ్బు కమిటీ వాళ్లు నవ్వితే, "పోనీ, మీలో ఎవరు నడుపుతారో రండి" అని నోళ్లు మూయించి నన్ను పనిలో పెట్టుకున్న మనిషి. ఆరేళ్లు పక్కనుండి నేర్పారు. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్నే కుక్కతో వచ్చి, నా పనికి వంకలు పెడితేగానీ ఆయనకు టీ సహించదు. ఆయనకు గుండెపోటు వస్తే పరిగెత్తి కాపాడానని కిందటిసారి రాశాను. ఆ మాట చర్చిలో అందరికీ చెప్పుకున్నానన్నావు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. నీకు రాయని ముక్క ఒకటుంది.

ఆ పొద్దున తెల్లమంచు గట్టిగా పేరుకుంది. అలాంటప్పుడు గ్రీన్ మీద, అంటే బంతిని గుంటలోకి దొర్లించే ఆ నున్నటి పచ్చిక మీద, కాలు పెట్టకూడదు. తొక్కిన రోజు ఏమీ కనిపించదు. రెండు మూడు రోజులకు గడ్డి చచ్చి, ప్రతి అడుగూ నల్లగా తేలుతుంది. వాటీ గారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. కుక్క అరుపు విని చూస్తే, నాలుగో గ్రీన్‌కు అవతల ఆయన బోర్లా పడి ఉన్నారు. పరిగెత్తాను. కానీ అమ్మా, గ్రీన్ దగ్గరకు రాగానే పక్కకు తిరిగాను. అంచు వెంట పదకొండు అడుగులు వేశాకగానీ నాకు బుద్ధి రాలేదు. అప్పుడు గ్రీన్ మీంచే అడ్డంగా పరిగెత్తి, అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆయన ఛాతీ నొక్కుతూ కూర్చున్నాను.

ఆ అడుగులు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఆడడానికి వచ్చినవాళ్లు వాటిని చూసి నా వీపు తడుతున్నారు. వాళ్లకు అడ్డంగా పోయినవే కనిపిస్తాయి.

నిన్న వాటీ గారు వచ్చారు. గ్రీన్ చుట్టూ చూసి, కర్రతో చూపించారు.

"ఇక్కడిదాకా అంచునే వచ్చావు. ఇదిగో, ఇక్కడ తిరిగావు."

"పదకొండు అడుగులు, వాటీ గారూ. మీరక్కడ చావుబతుకుల్లో ఉంటే నేను గడ్డి గురించి ఆలోచించాను" అని భోరుమన్నాను.

"పదకొండేనా?" అన్నారాయన. "ఆరేళ్లు నేర్పిందంతా బూడిదలో పోశావు కదే పిల్లా! నీ బదులు నేనైతే మొత్తం చుట్టూ తిరిగే వచ్చేవాణ్ణి."

ఆ మనిషి బతికున్నందుకు, నా బతుకులో ఉన్నందుకు ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియలేదమ్మా. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరం అంచు వెంబడే, మెల్లగా, మొత్తం చుట్టి వచ్చాం.

ఇట్లు,
నీ చిన్న కూతురు
డోలీనా